చలపతిరావు విన్న చప్పుడు

ఇస్నాపూర్ దాటాక హైవే సర్వీస్ రోడ్డు మీద, టైర్ల దుకాణం పక్కన బోర్డు లేని రేకుల షెడ్డు ఒకటి ఉంది. అది మాథ్యూది. నా కారు మూలుగుతోందని మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు అతను బానెట్ ఎత్తలేదు, బండి కిందికీ దూరలేదు. చెప్పులు బయట విడిచి వెనక సీట్లో కూర్చున్నాడు. అరికాళ్లు కారు నేలకు ఆనించి, "నడుపుండ్రి సార్. మాట్లాడకుండ్రి" అన్నాడు. రుద్రారం దాకా వెళ్లి వచ్చాం. దిగాక ఒక్కటే మాట చెప్పాడు.

"కుడి పక్క ఎనక చక్రం. బేరింగ్ పోయింది."

అంతకుముందు ఇద్దరు మెకానిక్‌లు గేర్‌బాక్స్ మొత్తం విప్పాలని చెప్పి ఉన్నారు. చక్రం విప్పి చూస్తే మాథ్యూ మాటే నిజమైంది.

అప్పటినుంచి నేను సంగారెడ్డి నుంచి అతని దగ్గరికే వెళ్తున్నాను. యాభై మూడేళ్ల సన్నటి మనిషి. అడగందే మాట్లాడడు. చప్పుళ్ల గురించి అడిగితే మాత్రం వివరంగా చెబుతాడు. "మలుపు తిరిగేటప్పుడే టకటకమంటే ముందు చక్రాల జాయింట్ సార్. స్పీడుతోని మూలుగు పెరిగితే బేరింగ్. ఎక్సలేటర్ మీదికెళ్లి కాలు తీసినప్పుడే ఏడిస్తే ఎనక ఇరుసు మధ్యల ఉండే పండ్ల చక్రం, క్రౌన్."

"మరి క్రాస్?" అని అడిగాను ఒకసారి. వెనక చక్రాలతో నడిచే బండ్లలో గేర్‌బాక్స్ నుంచి వెనక్కి పొడుగాటి ఇనుప షాఫ్ట్ ఉంటుంది. దాని కొసల్లో ప్లస్ గుర్తులా ఉండే కీలును క్రాస్ అంటారు.

మాథ్యూ పానా కింద పెట్టాడు. "నిమ్మళంగ కదిలేటప్పుడు పిట్టలెక్క కిచకిచమంటది. స్పీడ్ ఎక్కితే బందయితది. మంచిగైందనుకుంటరు. గప్పుడే మనిషిని తీస్కపోతది."

ఆ రోజు ఇంకేమీ చెప్పలేదు. మిగతాదంతా తర్వాత మూడు విడతలుగా, నా బండి పని జరుగుతున్నప్పుడు చెప్పాడు.

*

పన్నెండేళ్ల కిందటి వరకు మాథ్యూ పటాన్‌చెరులో ఒక పెద్ద కార్ల సర్వీస్ సెంటర్లో పనిచేసేవాడు. అప్పటికి అక్కడ చేరి పద్నాలుగేళ్లు. వింత చప్పుడుతో ఏ బండి వచ్చినా అతని దగ్గరికే పంపేవారు. వర్క్‌షాప్ మేనేజర్ చలపతిరావు కూడా మెకానిక్‌గా మొదలై పైకి వచ్చినవాడే. ఆ సంగతి గుర్తుచేస్తే అతనికి నచ్చేది కాదు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులతో తిరిగేవాడు.

ఒక నెలాఖరున విత్తనాల కంపెనీ జీపు వచ్చింది. దాని డ్రైవర్ వెంకటయ్య, మాథ్యూ వెళ్లే చర్చికే వచ్చేవాడు. వరసేమీ లేకపోయినా మాథ్యూ అతన్ని అన్నా అని పిలిచేవాడు. బండి కదుల్తుంటే కిచకిచమంటోందని వెంకటయ్య చెప్పాడు. మాథ్యూ కూర్చుని, రెండు వందల గజాలు పోనిచ్చి ఆపించాడు. కిందికి దూరి చూస్తే ముందు క్రాస్ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలుతోంది. లోపల ఉండే సూదుల్లాంటి బేరింగ్ ముక్కలు అరిగిపోయాయన్నమాట. జాబ్ కార్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు: క్రాస్ పోయింది. బండి ఇవ్వొద్దు.

సామాను మర్నాటికి గాని రాదు. చలపతిరావుకు ఆ నెల లెక్కలో బండ్లన్నీ బయటికి పోవాలి. మాథ్యూ భోజనానికి వెళ్లిన సమయంలో అతను క్రాస్‌కు గ్రీజు కూరించి, వెంకటయ్య చేతికి తాళం ఇచ్చేశాడు.

"చప్పుడింక వస్తనే ఉంది గద సార్?" అన్నాడు వెంకటయ్య.

"స్పీడ్ ఎక్కితే బందయితది. పో" అన్నాడు చలపతిరావు.

ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక షాఫ్ట్ ముందు కొస ఊడి రోడ్డులోకి దిగింది. జీపు గడకర్ర ఊతంతో ఎగిరినట్టు లేచి బోర్లా పడింది. వెంకటయ్యకు ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

విచారణ మొదలయ్యేసరికి జాబ్ కార్డు మారిపోయింది. కొత్త కార్డులో "చెక్ చేశాను, ఓకే" అని ఉంది. కింద మాథ్యూ సంతకం. నిజానికి మాథ్యూ 'థ' కింద అలా గీత గీయడు. కానీ అది ఎవరు చూస్తారు? చలపతిరావు ఇచ్చిన వాంగ్మూలం మాథ్యూకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "నేను ఆఫీసులో కూర్చునేవాణ్ణి. మెకానిక్ రాసిన కాగితం చూసి బండి ఇస్తాను. ఏ చప్పుడు దేనిదో నాకు తెలియదు."

మాథ్యూను రెండు రోజులు స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు. ఉద్యోగం పోయింది. హైవే వెంట ఏ సర్వీస్ సెంటర్‌కు వెళ్లినా పేరు వినగానే తల అడ్డంగా ఊపేవారు. అన్నిటికంటే చర్చిలో జరిగింది అతన్ని ఎక్కువ కోసేసింది. కోత పండుగ రోజు, గుమ్మడికాయలూ వరికంకులూ మోసుకొచ్చిన జనం మధ్యలో, వెంకటయ్య భార్య దయావతి అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా ఇంటాయన నిన్ను నమ్మి బండి ఎక్కిండు. నువ్వు ఓకే అని రాసినవ్. ఏ చేత్తోని రాసినవో ఆ చెయ్యి సూపియ్యి మాథ్యూ."

మాథ్యూ చెప్పబోయేలోగా జనంలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పబోయినా వెంకటయ్య ఒక్కటే అనేవాడు: "సంతకం నీదే ఉంది గదరా."

మొదటి ఏడాది మాథ్యూ పెద్ద పానా చొక్కాలో దాచుకుని రెండుసార్లు చలపతిరావు ఇంటి సందు దాకా వెళ్లాడు. రెండుసార్లూ తిరిగొచ్చేశాడు. భయపడి కాదు. "కొడ్తె కాలిరుగుతది సార్. కాగితం మీద నా సంతకం మాత్రం అట్లనే ఉంటది. నేను కొట్టిన అని ఇంకో కాగితం తయారైతది. నాకు గది గాదు గావాల్సింది. ఆ చప్పుడేందో తనకు తెల్సని ఆయన నోట్లెకెళ్లి రావాలె. వెంకటయ్యన్న ఇనాలె."

చర్చి అయ్యగారు క్షమించమని చాలాసార్లు చెప్పారు. "క్షమించిన అని అబద్ధం జెప్పమంటరా అయ్యగారూ?" అని అడిగాక ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. భార్య ఎల్సీ ఎప్పుడూ అలా చెప్పలేదు. ఆ ఏళ్లన్నీ ఆమె ఒక మందుల కంపెనీ క్యాంటీన్లో గిన్నెలు తోముతూ ఇల్లు నడిపింది. చలపతిరావు పేరు ఇంట్లో వినబడితే గిన్నె కాస్త గట్టిగా కింద పెట్టేది, అంతే.

మాథ్యూ మాత్రం అతని సంగతులన్నీ తెలుసుకుంటూనే ఉన్నాడు. ఉద్యోగం ఎప్పుడు మానేశాడు, బీరంగూడలో పాత కార్ల యార్డు ఎప్పుడు పెట్టాడు, భాగస్వామి ఎవరు, బోర్డు మీద ఏం రాయించాడు, అన్నీ. బోర్డు మీద "నూట ఇరవై పరీక్షలు చేసిన బండ్లు" అని ఉంది. ఆ యార్డులో కొన్న బండ్లు అప్పుడప్పుడు మాథ్యూ షెడ్డుకు వచ్చేవి. ఒకదాని వెనక క్రౌన్‌లో చప్పుడు రాకుండా రంపంపొట్టు కలిపిన నూనె దొరికింది. ఇంకోదాని గేర్‌బాక్స్‌లో జిగురులాంటి చిక్కటి గ్రీజు. మాథ్యూ వాటిని శుభ్రం చేసి, బాగుచేసి పంపేవాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. చలపతిరావు నోటి నుంచి ఆ మాట రప్పించడానికి అవి చాలవని అతనికి తెలుసు.

*

పోయిన ఏడాది ఎండాకాలం పోయి మొదటి వానలు పడుతున్నప్పుడు సునంద వచ్చింది. ఇస్నాపూర్ కిరాయి గదుల్లో ఉండే ఆడవాళ్లను కంపెనీ షిఫ్టులకు తీసుకెళ్లి తెచ్చే ఏడు సీట్ల బండి ఆమెది. తనే నడుపుకుంటుంది. నెల కిందటే కొన్నది.

"అన్నా, కదిలిస్తే కిచకిచమంటుంది. జోరుగ పోతే ఏం లేదు. యార్డుల అడిగితే దుమ్ము పట్టిందన్నరు."

మాథ్యూ చెప్పులు విడిచి ఎక్కాడు. బండి సర్వీస్ రోడ్డు మీద కదిలింది. పది గజాలు పోయేసరికి అదే కిచకిచ.

"ఆపు చెల్లె" అన్నాడు.

కింద చూస్తే కొత్తగా వేసిన నల్ల రంగు, దాని మీద కూరిన గ్రీజు, గ్రీజు అంచుల్లో ఎర్రటి పొడి. అద్దం మూలన చలపతిరావు యార్డు స్టిక్కర్ ఉంది. సునంద చూపించిన కాగితం మీద నూట ఇరవై గళ్లలో టిక్కులు, కింద చలపతిరావు సంతకం.

ఇక్కడ మాథ్యూ నాతో ఒక మాట దాచకుండా చెప్పాడు. "ఒక్క గడియ సార్, బండిని అట్లనే పంపాలనిపిచ్చింది. షాఫ్ట్ ఊడితే ఆయన సంతకమే కింద ఉంటది గద. ఆ పిల్ల ఎనక ఆరుగురు ఆడోళ్లు కూసుంటరని యాదికొచ్చి నా మీద నాకే భయమేసింది." వెంటనే సునంద చేతిలోంచి తాళం తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే కొత్త క్రాస్ వేశాడు. బండి నిశ్శబ్దంగా నడిచింది. అప్పుడు సునందను కూర్చోబెట్టి పదకొండేళ్ల కథంతా చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. చివర్లో మాత్రం, "మరి నేనేం జెయ్యాలె?" అంది.

మాథ్యూ డబ్బా రేకు కత్తిరించి, షాఫ్ట్ తిరిగేటప్పుడు ఒక్కో చుట్టుకు ఒక్కోసారి తగిలేటట్టు బండి కింద బిగించాడు. నాలుగుసార్లు వంచి, నాలుగుసార్లు నడిపించి చూశాడు. ఐదోసారికి సరిగ్గా కుదిరింది. కిచ, కిచ, కిచ. ప్రమాదమేమీ లేని చప్పుడు. కానీ వినేవాడు తెలిసినవాడైతే గుండె ఆగేంత అచ్చమైన చప్పుడు.

తర్వాత వెంకటయ్య ఇంటికి వెళ్లాడు. దయావతి గుమ్మంలోనే అడ్డం నిలబడింది. మాథ్యూ ఆమె వెనక మంచం మీద కూర్చున్న మనిషితో మాట్లాడాడు.

"అన్నా, ఒక్కసారి నాతోని బండెక్కు. నువ్వేం మాట్లాడొద్దు, ఇను. ఆయనకు చప్పుడు తెల్వదని నీకనిపిస్తే, నడి బజార్ల నా మొకం మీద ఉమ్మెయ్. ఇంక జన్మల మీ గడప తొక్క."

వెంకటయ్య వంగి కృత్రిమ కాలు పట్టీ బిగించుకున్నాడు. దయావతి పక్కకు తప్పుకుంది.

*

శనివారం పొద్దున పదిగంటలకు బీరంగూడ యార్డులో రెండు కుటుంబాలు బండ్లు చూస్తున్నాయి. సునంద బండి నేరుగా వాళ్ల పక్కనే ఆపింది. వెంకటయ్య వెనక, నల్ల అద్దం చాటున ఉన్నాడు. మాథ్యూ చర్చికి వేసుకునే తెల్ల చొక్కాలో దిగాడు.

చలపతిరావు ఎదురొచ్చాడు. "మాథ్యూ! బాగున్నవా?"

"మంచిగనే ఉన్న సార్."

సునంద అందరికీ వినబడేటట్టు కాగితం పైకెత్తింది. "సార్, నూట ఇరవై పరీక్షలు జేసినమని మీరే రాసిచ్చిండ్రు. బండి కిచకిచ ఆపుతలేదు. మీరే ఒక్క రౌండు నడిపి సూడుండ్రి."

కొనడానికి వచ్చినవాళ్లు తలలు తిప్పారు. చలపతిరావు నవ్వాడు. "గింత దానికేనా? దుమ్మమ్మా." స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మాథ్యూ పక్క సీట్లో ఎక్కాడు. సునంద వెనక ఎక్కి ఫోన్ తీసింది.

గేటు దాటుతుండగానే మొదలైంది. కిచ, కిచ, కిచ.

చలపతిరావు చేతులు స్టీరింగ్ మీద బిగుసుకోవడం మాథ్యూ చూశాడు. "బ్రేక్ ప్యాడ్ అయివుంటది" అన్నాడు చలపతిరావు.

"బ్రేక్ తొక్కి సూడుండ్రి."

తొక్కాడు. చప్పుడు మారలేదు. బండి ఇరవై దాటడం లేదు. వెనక ఒక ఆటో హారన్ కొడుతోంది.

"గింత నిమ్మళమైతే ఎట్ల సార్? ఔటర్ ఎక్కిద్దాం. ఎనభై మీద పోనియ్యుండ్రి."

"అవసరం లేదు. ఎనక్కి తిప్పుత."

"పోనియ్యుండ్రి సార్" అన్నాడు మాథ్యూ. గొంతు పెంచలేదు. "నేను సుత పక్కనే కూసున్న గద."

చలపతిరావు ఎక్సలేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేశాడు. వెనక ఏముందో చూసుకోవడానికి అద్దంలోకి చూశాడు. అద్దంలో నెరిసిన గడ్డంతో వెంకటయ్య ముఖం ఉంది. ఏమీ మాట్లాడొద్దని మాథ్యూ చెప్పాడు గానీ అతను మాట్లాడాడు.

"స్పీడ్ ఎక్కితే బందయితది గద సార్. పో."

బండి గుంజినట్టు ఆగింది. చలపతిరావు తలుపు తోసుకుని రోడ్డు మీదికి దిగాడు. ఒక లారీ అతనికి రెండు అడుగుల దూరంలో దూసుకుపోయినా గమనించలేదు.

"దిగుండ్రి! సావాలని ఉందా మీకు? క్రాస్ పోయింది దీనిది! షాఫ్ట్ ఊడితే బండి లేసి పడ్తది, తెల్వదా?"

"మీకెట్ల తెల్సు సార్?" అన్నాడు మాథ్యూ. నిదానంగా దిగి, బండి చుట్టూ తిరిగి అతని ముందుకు వచ్చాడు. "మీరు ఆఫీసుల కూసునేటోళ్లు. కాగితం సూసేటోళ్లు."

"చప్పుడింటే తెలుస్తలేదా? ఇరవై ఐదేండ్ల నుంచి ఇంటున్న, క్రాస్ చప్పుడు నాకు..."

అక్కడ ఆగిపోయాడు. తన నోట్లోంచి ఏం వచ్చిందో అప్పుడు తెలిసింది. సునంద ఫోన్ అతని ముఖం వైపే ఉంది. అరుపులు విని యార్డులోని రెండు కుటుంబాలూ, అతని భాగస్వామీ గేటు దాకా నడిచి వచ్చారు.

మాథ్యూ తెల్ల చొక్కాతోనే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. రేకు ముక్క ఊడదీసి తెచ్చి చలపతిరావు కళ్ల ముందు పట్టుకున్నాడు.

"క్రాస్ కొత్తది. నేనే ఏసిన. మీరు అమ్మిన పాతది నా షెడ్డుల ఉంది. ఈ రేకు చప్పుడుకే రోడ్డు మీదికి దుంకిండ్రు. వెంకటయ్యన్నకు మాత్రం నిజంగ క్రాస్ పోయిన బండి తాళం ఇచ్చిండ్రు."

వెంకటయ్య బండి దిగలేదు. అద్దం కిందికి దించి అడిగాడు. "ఆ దినం నీకు తెల్సునా?"

చలపతిరావు చేతులు జోడించాడు. "నెలాఖరుండె వెంకటయ్యా. పైనుంచి ఒత్తిడి. ఒక్క దినం నడుస్తదనుకున్న."

"ఆ మాటే రాయుండ్రి" అన్నాడు మాథ్యూ.

సునంద ఇచ్చిన నోటు పుస్తకాన్ని బానెట్ మీద పెట్టి చలపతిరావు రాశాడు. ఆ రోజు జాబ్ కార్డు మీద మాథ్యూ ఏమని రాశాడో, దాన్ని ఎవరు చించారో, బదులు కార్డు మీద సంతకం ఎవరు పెట్టారో. కొట్టివేతలతో ఒక పేజీ పాడైతే, "మల్ల రాయుండ్రి, తొందరేం లేదు" అన్నాడు మాథ్యూ. నాతో ఈ ముక్క చెప్పేటప్పుడు అతని ముఖంలో కనిపించిన సంతోషం నేను మరే మనిషి ముఖంలోనూ చూడలేదు. నిజం చెప్పాలంటే నాకు కాస్త భయం వేసింది.

*

ఆ వీడియో సాయంత్రానికల్లా పటాన్‌చెరులో సగం ఫోన్లలోకి చేరింది. పాత కేసు ఎప్పుడో మూసేశారు, మళ్లీ తెరవడం అంత తేలిక కాదని వకీలు చెప్పాడు. అయినా వెంకటయ్య ఆ కాగితంతో అర్జీ పెట్టాడు, తిరుగుతున్నాడు. యార్డు భాగస్వామి వారంలోపే చలపతిరావును బయటికి పంపి బోర్డు మార్చేశాడు. అక్కడ బండ్లు కొన్నవాళ్లు వరస కట్టి మాథ్యూ షెడ్డుకు వచ్చారు.

మర్నాడు ఆదివారం దయావతి చర్చిలో ఎల్సీ పక్కకు వచ్చి కూర్చుంది. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. పాట మొదలైనప్పుడు తన పుస్తకం ఎల్సీ వైపు కొంచెం జరిపింది.

పది రోజుల లోపే చలపతిరావు భార్య ధనలక్ష్మి ఆటోలో షెడ్డుకు వచ్చింది. మాథ్యూకు అన్నం తెచ్చిన ఎల్సీ అక్కడే ఉంది. ధనలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది.

"ఆ వీడియో తీసేయించుండ్రి అన్నా. నా బిడ్డ కాలేజీకి పోతలేదు. ఈయన ఇంట్లకెళ్లి బయటికి వస్తలేడు. నాలుగు మెతుకులు తింటలేడు."

మాథ్యూ చేతిలోని గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఎల్సీ లేచింది. కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టింది. కుండలోంచి చల్లటి నీళ్లు ముంచి గ్లాసు చేతికిచ్చింది. ఆమె తాగేదాకా నిలబడింది.

"మాకు పదకొండేండ్లు పట్టింది అమ్మా" అంది. "మీకింక పదకొండు దినాలు సుత కాలే. పోయి రాండ్రి."

ధనలక్ష్మి గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది. ఆటో మలుపు తిరిగేదాకా ఎల్సీ అటే చూసి, క్యారియర్ విప్పి మాథ్యూకు అన్నం వడ్డించింది.

నేను రాసేవాణ్ణని మాథ్యూకు తెలుసు. ఇదంతా విన్నాక అడిగాను. "ఆమె అట్లా వెళ్లిపోతుంటే జాలి కలగలేదా?"

అతను అప్పుడే వచ్చిన బండి వెనక సీట్లో కూర్చుని చెప్పులు విడుస్తున్నాడు. తలెత్తి నా వైపు సూటిగా చూశాడు.

"రాలేదు సార్. వచ్చిందని మాత్రం రాయకుండ్రి."

ఆ బండి యజమాని తాళం తిప్పాడు. మాథ్యూ కళ్లు మూసుకున్నాడు.